జెనోవాలో ప్రించిపె స్టేషన్ దగ్గర టూ స్టార్ హోటల్: తీసుకోవచ్చా?

మాస్టారూ, నమస్కారం. ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్పేస్తాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమవుతుంది. మీ అబ్బాయి ఇటలీలో జెనోవా యూనివర్సిటీలో ఎం.ఎస్. చేస్తున్నాడు. మీరూ మేడంగారూ సెప్టెంబరు మూడో వారంలో వెళ్లి ఐదు రాత్రులు ఉండాలనుకుంటున్నారు. ప్రించిపె రైల్వే స్టేషన్ దగ్గర ఒక టూ స్టార్ హోటల్ రాత్రికి 70 యూరోలకు కనిపించింది. రివ్యూల్లో ఒకరు 'ఈ రేటుకి ఇంత మంచి గది దొరకదు' అన్నారు. ఇంకొకరు 'రాత్రంతా నిద్ర లేదు, ఆ వీధి చూస్తేనే భయమేసింది' అన్నారు. మేడంగారికి మోకాళ్ల నొప్పి. ఇద్దరూ శాకాహారులు. తీసుకోవాలా, మానాలా?

తీసుకోవచ్చు. కానీ డబ్బు కట్టే ముందు హోటల్‌కి ఒక మెయిల్ పెట్టండి. అందులో ఏం అడగాలో కింద చెప్తాను. ఆ రెండు రివ్యూలూ నిజమే అయ్యుంటాయి. ఇక్కడి చవక హోటళ్లలో లోపలి వైపు గది దొరికినవాళ్లు హాయిగా పడుకుని లేస్తారు. అదే హోటల్లో వీధి వైపు గది దొరికినవాళ్లు తెల్లవార్లూ పైకప్పు చూస్తూ గడుపుతారు. స్టార్లు చూస్తే ఆ తేడా తెలియదు. జెనోవాలో గది బాగుంటుందా లేదా అనేది మూడు సంగతుల మీద ఉంటుంది: హోటల్ ఏ సందులో ఉంది, ఎన్నో అంతస్తులో ఉంది, గది కిటికీ ఎటు తెరుచుకుంటుంది.

నా పరిచయం ఒక్క ముక్కలో: ఓడ ఎక్కబోయే సిబ్బందికీ, దిగి ఇంటికెళ్లేవాళ్లకూ ఒకటి రెండు రాత్రులు బస చూపించే ఉద్యోగంలో ఈ ఊళ్లో చాలాకాలం పనిచేశాను. విశాఖ, శ్రీకాకుళం కుర్రాళ్లు బోలెడంతమంది అలా వచ్చి వెళ్లారు. కంపెనీ ఇచ్చే బడ్జెట్ కూడా మీ బడ్జెట్ లాంటిదే.

ముందు ఊరి స్వరూపం చెప్పాలి. కొండ తిన్నగా వచ్చి సముద్రంలోకి దిగుతుంది, మధ్యలో మిగిలిన ఇరుకు చోటులో ఊరు కట్టారు. స్థలం చాలక మేడలు పైకి పెంచుకుంటూ పోయారు. పాత ఊళ్లో సందులు ఎంత ఇరుకంటే రెండు చేతులూ చాపితే అటు గోడా ఇటు గోడా తగిలేవి కూడా ఉన్నాయి. అటూ ఇటూ ఆరేడు అంతస్తుల ఇళ్లు. ఫోన్లో మ్యాప్ కూడా అక్కడ తడబడుతుంది, నీలం చుక్క పక్క సందులో చూపిస్తుంది. ఈ సందుల్ని కరుజ్జీ అంటారు. వాటిలోకి టాక్సీ రాదు. దగ్గర్లో ఉన్న రోడ్డు మీద దింపేసి వెళ్లిపోతాడు. అక్కణ్ణుంచి రాతిపలకల మీద సూట్‌కేసు లాక్కుంటూ మీరే నడవాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ప్రించిపె స్టేషన్ బయటికి రాగానే కొలంబస్ విగ్రహం ఉన్న చౌరస్తా వస్తుంది. అక్కడి నుంచి తూర్పుగా వెళ్లే పెద్ద వీధి వియా బాల్బి. మీ అబ్బాయి యూనివర్సిటీ పాత భవనం ఆ వీధిలోనే, 5వ నంబరులో ఉంది. రాజుల ప్యాలెస్ కూడా ఆ వీధిలోనే ఉంది. బస్సులు తిరిగే వీధి, విద్యార్థులు, కాఫీ బార్లు, రాత్రి తొమ్మిది దాటినా మనుషులు కనిపిస్తారు. దీనికి సమాంతరంగా, సముద్రం వైపు కొంచెం దిగువన వియా ప్రే ఉంది. మధ్యలో ఉన్నది ఒక వరస మేడలే. కానీ వాతావరణం పూర్తిగా వేరు. ఆఫ్రికా వాళ్ల దుకాణాలు, మన ఉపఖండం వాళ్ల కిరాణా కొట్లు, ఫోన్ రిపేరు షాపులు, సెలూన్లు. పగలు నాకు చాలా ఇష్టమైన వీధి అది. కందిపప్పూ పచ్చిమిరపకాయలూ కావాలంటే అక్కడికే వెళ్లేవాణ్ణి. చీకటి పడ్డాక మాత్రం మూలల్లో మత్తుమందుల బేరాలు నడుస్తాయి. మీ జోలికి ఎవరూ రాకపోవచ్చు. అయినా కొత్తగా వచ్చినవాళ్లు టెన్షన్ పడతారు. మీరు చూసిన భయపడ్డ రివ్యూ ఈ వైపు తలుపు లోంచి వచ్చినవాళ్లదే అని నా అనుమానం. 'స్టేషన్ నుంచి మూడు నిమిషాలు' అని రాసుకునే హోటళ్లలో కొన్ని బాల్బి మీద ఉంటాయి, కొన్ని ప్రే మీద ఉంటాయి. వెబ్‌సైట్లో ఫోటోలు చూస్తే రెండూ ఒకటే.

అందుకని అడ్రసు సరిగ్గా చదవండి. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. జెనోవాలో ఒకే వీధికి రెండు వరసల నంబర్లు ఉంటాయి. ఇళ్లకూ మేడలకూ నల్ల నంబరు, దుకాణాలకు ఎర్ర నంబరు. రెండూ విడివిడిగా నడుస్తాయి కాబట్టి నల్ల 15కీ ఎర్ర 15కీ మధ్య చాలా దూరం ఉండొచ్చు. ఎర్ర నంబరైతే అడ్రసులో అంకె పక్కన 'ఆర్' అనే అక్షరం రాస్తారు. హోటల్‌ది సాధారణంగా నల్ల నంబరు. అర్ధరాత్రి వచ్చి చెప్పుల కొట్టు షట్టరు ముందు నిలబడి నాకు ఫోన్ చేసిన కుర్రాళ్లు ఉన్నారు.

ఇక లోపలికి వెళ్లడం. చవక హోటల్‌కి మేడంతా ఉండదు, ఒకటో రెండో అంతస్తులు ఉంటాయి. కింద పెద్ద చెక్క తలుపు, పక్కన ఇత్తడి పలకమీద వరసగా బెల్లు. ఒకటి దంతవైద్యుడిది, ఒకటి లాయరుది, ఒకటి ఏదో ఇంటిపేరు, మధ్యలో ఎక్కడో చిన్న అక్షరాలతో హోటల్ పేరు. నొక్కితే పైనుంచి ఒక గొంతు అంతస్తు చెప్తుంది, తలుపు టక్కుమంటుంది. ఆ టక్కు వినగానే గట్టిగా నెట్టాలి, ఆలస్యమైతే మళ్లీ మూసుకుపోతుంది. లోపల చీకటి. మెట్ల దీపం మీట గోడమీద చిన్నగా వెలుగుతుంటుంది. నొక్కితే కాసేపు వెలిగి దానంతటదే ఆరిపోతుంది, అది కరెంటు పోవడం కాదు. మెట్లు నల్లటి పలకరాయివి, వందల ఏళ్ల కాళ్లకు మధ్యలో గుంటపడి నున్నగా ఉంటాయి. వానరోజున జారతాయి.

లిఫ్టు ఉంటే అది తర్వాతి కాలంలో మెట్ల మధ్య ఖాళీలో ఇరికించిన ఇనప పంజరం. ఇద్దరు మనుషులు పడితే సూట్‌కేసు పట్టదు. సూట్‌కేసు పడితే ఒక్క మనిషికే చోటు. బయటి ఇనప తలుపూ లోపలి రెక్కల తలుపూ రెండూ మనమే మూయాలి. దిగాక మూయకుండా వెళ్లిపోతే లిఫ్టు అక్కడే ఆగిపోతుంది, కింద ఉన్నవాళ్లు అరుస్తారు. 'లిఫ్టు ఉంది' అన్న హోటళ్లలో కొన్నింటికి అది మొదటి మెట్ల వరస ఎక్కాకే మొదలవుతుంది. ఈ సంగతి ఫోటోల్లో ఎవరూ చూపించరు, మేడంగారి కోసం మీరే ప్రత్యేకంగా అడగాలి: వీధి తలుపు నుంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లు ఉన్నాయి, దిగాక రిసెప్షన్ దాకా ఎన్ని మెట్లు ఉన్నాయి అని.

అంతస్తుల లెక్క కూడా చెప్పాలి. వాళ్ల మూడో అంతస్తు మన మూడో అంతస్తే, గ్రౌండ్ ఫ్లోర్‌ని సున్నాగానే లెక్కపెడతారు. కానీ మధ్యలో లెక్కలో రాని సగం అంతస్తు ఒకటి ఉంటుంది, పైగా పాత ప్యాలెస్‌ల సీలింగులు చాలా ఎత్తు. లిఫ్టు పనిచేయని రోజున ఆ 'మూడు' ఎక్కడం మన అపార్టుమెంట్లో ఐదు ఎక్కినట్టుంటుంది. ఎత్తులో గది ఉంటే లాభమూ ఉంది: వెలుతురు వస్తుంది, సందు గోల తగ్గుతుంది. కింది అంతస్తుల్లో మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకోవాల్సిన గదులు ఉన్నాయి.

మీరు ఉండబోయే మేడకు కూడా కథ ఉండొచ్చు. 1576లో జెనోవా రిపబ్లిక్ సెనేట్ ఊళ్లోని పెద్దింటివాళ్ల ప్యాలెస్‌లన్నిటికీ ఒక జాబితా కట్టించింది. ప్రభుత్వానికి అతిథులెవరైనా వస్తే ఆ జాబితాలోంచి చీటీ తీసేవాళ్లు. పేరొచ్చిన ఇంటాయన అతిథికి బస ఇచ్చి తీరాలి. ప్యాలెస్‌లను హోదాను బట్టి తరగతులుగా విడగొట్టారు, రాజులకూ పోప్‌కీ పైతరగతి, రాయబారులకు కిందితరగతి. స్టార్ రేటింగులు అప్పుడే ఉన్నాయన్నమాట, కాకపోతే బిల్లు ఇంటాయనే కట్టుకునేవాడు. ఆ జాబితాల్ని రోల్లీ అంటారు. వాటిలోని 42 ప్యాలెస్‌లు 2006లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి. మిగతావాటిలో బ్యాంకులు, ఆఫీసులు, కాపురాలు, అక్కడక్కడా హోటళ్లు. టూ స్టార్ గదిలో మంచం మీద పడుకుని చూస్తే సీలింగు మీద రంగు వెలసిన దేవతలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. ఒకే పెద్ద హాలును పార్టిషన్ వేసి రెండు గదులు చేయడం వల్ల ఒక్కోసారి దేవతకు తల మీ గదిలోనూ కాళ్లు పక్క గదిలోనూ ఉంటాయి. ఆ పార్టిషన్ గోడ పల్చన, పక్కవాళ్ల దగ్గు కూడా వినిపిస్తుంది. తేలిగ్గా నిద్ర లేచేవాళ్లయితే చెవుల్లో పెట్టుకునే దూది బిళ్లలు ఇంటి నుంచే తీసుకెళ్లండి.

డబ్బున్నవాళ్లకే కాదు, లేనివాళ్లకూ ఈ చుట్టుపక్కలే బస. స్టేషన్‌కి రెండడుగుల దూరంలో కొమ్మెందా ది ప్రే అనే రాతి కట్టడం ఉంది. జెరూసలేం ఉన్న పవిత్రభూమికి ఓడెక్కబోయే క్రైస్తవ యాత్రికుల కోసం 1180లో మొదలుపెట్టిన సత్రం అది. ఆ తర్వాతి శతాబ్దాల్లో అమెరికాలకు వలసపోయే ఇటాలియన్లు కూడా ఓడ కోసం ఎదురుచూస్తూ ఈ వీధుల్లోనే అద్దె గదుల్లో పడి ఉండేవాళ్లు. ఇప్పుడా సత్రంలోనే ఇటలీ వలసల మ్యూజియం పెట్టారు. మీ అబ్బాయి లాంటివాడు చూడాల్సిన చోటు.

గది బుక్ చేసేటప్పుడు మంచం సంగతి చూడండి. 'మత్రిమోనియాలె' అంటే ఒకే పెద్ద మంచం. 'దొప్పియా' అంటే రెండు విడి మంచాలు. 'ఫ్రెంచ్ బెడ్' అని ఉంటే అది ఇద్దరికి ఇరుకు, వద్దు. 'కామన్ బాత్రూం' అని చిన్న అక్షరాల్లో ఉంటే రేటు తక్కువ ఎందుకో అర్థమైపోతుంది, కుర్రాళ్లకు ఫరవాలేదు గానీ మీకు వద్దు. ఏసీ ఉందో లేదో కూడా అడగండి. సెప్టెంబరులో ఇంకా ఉక్కగా ఉంటుంది, కిటికీ తెరిస్తే దోమలు వస్తాయి. ఆకుపచ్చ చెక్క రెక్కల కిటికీలకు కింద సగం మాత్రం బయటికి తోసి ఆపే ఏర్పాటు ఉంటుంది. అలా తోస్తే ఎండ రాకుండా గాలి వస్తుంది. వాడుకోండి.

బాత్రూం. కమోడ్ పక్కన హ్యాండ్ షవర్ ఉండదు, బకెట్టూ మగ్గూ అసలే ఉండవు. కానీ మన అదృష్టం, ఇటలీ బిడే దేశం. కమోడ్ పక్కనే కూర్చునే ఎత్తులో ఇంకో పింగాణీ తొట్టి, దానికి వేడి, చల్లనీళ్ల కుళాయి. 1975 నాటి ఆరోగ్య శాఖ ఉత్తర్వు ప్రకారం ప్రతి ఇంట్లో కనీసం ఒక బాత్రూంలో అది ఉండాలి. హోటళ్లలోనూ దాదాపు ఎక్కడైనా కనిపిస్తుంది. యూరప్‌లో మిగతా దేశాలు తిరిగొచ్చి ఇక్కడ అది చూశాక ఊపిరి పీల్చుకున్న మనవాళ్లను చాలామందిని చూశాను. షవర్ దగ్గర గోడకు ఒక తాడు వేలాడుతుంటుంది. అది లైటుది కాదు, ఎవరైనా జారిపడితే సాయం కోసం లాగాల్సింది. లాగితే రిసెప్షన్‌లో అలారం మోగుతుంది, అక్కడున్నవాళ్లు పరుగెత్తుకొస్తారు. షవర్ క్యాబిన్ చాలా ఇరుకు, అరికాలి ఎత్తు గడప కూడా ఉంటుంది. మేడంగారి కోసం గడప ఎత్తు అడగడంలో తప్పు లేదు.

ఇప్పుడు వంట సంగతి. సూట్‌కేసులో ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్ పెట్టుకునే ఆలోచన ఉంటే ఇంట్లోనే వదిలెయ్యండి. పాత మేడల కరెంటు వైరింగు అంతంతమాత్రం, ఇటలీలో మామూలు ఇంటి కనెక్షనే 3 కిలోవాట్లు. మన కుర్రాళ్లు నలుగురు ఒక హోటల్లో రెండు కుక్కర్లూ ఒక కెటిలూ కలిపి పెట్టి అంతస్తంతా చీకటి చేశారు. ఓనరమ్మ టార్చి పట్టుకుని తలుపు తట్టేసరికి గదిలో ఇంగువ పోపు వాసన. ఆమె ఏమీ అనలేదు, కిటికీ తెరిచి కుక్కర్ చేతిలో పట్టుకుని వెళ్లిపోయింది, చెక్ అవుట్ రోజున కవర్లో పెట్టి ఇచ్చింది. గదిలో వంట నిషేధం, పైగా పొగ అలారం ఉంటుంది. మీ అబ్బాయి నలుగురితో కలిసి ఫ్లాటులో ఉంటే సాయంత్రం అక్కడికెళ్లి అన్నం, పప్పు వండుకోండి. అందరికీ పండగ. హాస్టలైతే బయటివాళ్లను రానిస్తారో లేదో ముందే కనుక్కోమనండి.

పొడులు, పచ్చళ్లు తీసుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా, పాలతో చేసినవి మాత్రం వద్దు. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురావడానికి ప్రయాణికులకు అనుమతి లేదు. పచ్చి కరివేపాకు కూడా కష్టమే. అబ్బాయి అడిగినా మొహమాటపడకండి. ప్లగ్గుల సంగతికొస్తే మన ఫోన్ చార్జర్ల సన్నటి రెండు పిన్నులు అక్కడి సాకెట్లలో పడతాయి, లావు మూడు పిన్నులవి పట్టవు.

బయట తిండికి మాత్రం మీకు ఇటలీలో ఇంతకంటే మంచి ఊరు దొరకదు. ఈ ఊరి పేరున్న వంటల్లో సగం శాకాహారమే. ఫరినాతా అని ఉంది: శనగపిండి, నీళ్లు, ఆలివ్ నూనె, ఉప్పు, అంతే. పిండి పల్చగా కలిపి కొన్ని గంటలు నాననిచ్చి, పైన తేలిన నురగ తీసేసి, బండిచక్రమంత రాగి పళ్లెంలో పోసి కట్టెల పొయ్యిలో పెడతారు. పైన కరకరలాడుతూ లోపల మెత్తగా వస్తుంది. మిరియాలపొడి చల్లుకుని వేడివేడిగా తినాలి, చల్లారితే బాగోదు. వియా దెయి జ్యుస్తినియానీలో సా పెస్తా అనే పాత దుకాణం దీనికి పేరుపడింది. అదే శనగపిండితో ఉడికించి ముక్కలు కోసి వేయించేది పనిస్సా. మేడంగారికి మిరపకాయ బజ్జీ గుర్తొస్తుంది, కారం లేదని బాధపడతారు. మీ గుంటూరు కారప్పొడి ఒక చిన్న డబ్బాలో జేబులో ఉంచుకోండి.

పెస్తో పుట్టిల్లు ఇదే. తులసి జాతి ఆకు, పైన్ గింజలు, వెల్లుల్లి, ఉప్పు, ఆలివ్ నూనె, రెండు రకాల చీజు కలిపి నూరుతారు. ఆ పచ్చడిలో సన్నటి పాస్తా, బంగాళాదుంప, బీన్సు కలిపి పెడతారు. పర్మెసాన్ చీజులో పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. అది పట్టింపు ఉంటే 'సెన్సా ఫొర్మాజ్జో' అని చెప్పి చీజు లేకుండా అడగండి. ముందే నూరిపెట్టిన చోట కుదరదంటారు. కూరగాయలు కూరి కాల్చే 'పై' అనే రొట్టెల్లాంటి వాటిలో గుడ్డు ఉంటుంది, 'చేప లేదు' అన్నా ఉప్పుచేప ముక్క ఒకటి ఎక్కడో దాగి ఉండొచ్చు. అడిగి తినండి. పొద్దున్నే ఫొకాచ్చా రొట్టె బేకరీలో వేడిగా దొరుకుతుంది. ఊళ్లోవాళ్లు దాన్ని కాఫీలో ముంచుకుని తింటారు, ఉప్పూ నూనే కాఫీతో ఎలా కుదురుతాయా అని మొదట్లో నవ్వుకున్నాను గానీ తర్వాత అలవాటైపోయింది. అందుకే హోటల్లో బ్రేక్‌ఫాస్ట్‌తో రేటు, లేకుండా రేటు రెండూ ఉంటే లేకుండా తీసుకోండి. చవక హోటల్ బ్రేక్‌ఫాస్ట్ అంటే ప్యాకెట్లో తీపి బన్ను, మెషిన్ కాఫీ. కింద బార్‌లో నిలబడి తాగితే మంచి కాఫీ తక్కువలో వస్తుంది, కూర్చుంటే రేటు పెరుగుతుంది. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు.

గోల ఎక్కడ ఉంటుందో చెప్తాను. పాత ఊళ్లో పియాజ్జా దెల్లె ఎర్బె అనే చౌరస్తా చుట్టూ బార్లు, వారాంతాల్లో రాత్రి బాగా పొద్దుపోయేదాకా కుర్రకారు వీధిలోనే నిలబడి మాట్లాడుకుంటారు. అక్కడి గది మీకు వద్దు. వియా గరిబాల్డి ఊళ్లోకెల్లా అందమైన వీధి, కానీ దాని వెనకే నడిచే వియా దెల్లా మద్దలేనా వైపు రాత్రిళ్లు వెళ్లకండి. 'సముద్రం కనిపించే గది' అంటే ముచ్చటపడకండి, ఓడరేవు ముందు వీధిలో సముద్రానికీ మీ కిటికీకీ మధ్య 1965లో కట్టిన ఫ్లైఓవర్ ఉంటుంది. కార్లు కంటికి ఎదురుగా పోతుంటాయి. బాల్బి మీద వీధివైపు గదికి బస్సుల చప్పుడు. లోపలి ఆవరణ వైపు గదికి దృశ్యం ఏమీ ఉండదు, ఎవరివో ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. నిద్ర మాత్రం పడుతుంది. నేనైతే ఎప్పుడూ అదే అడిగేవాణ్ణి.

డబ్బు వ్యవహారాలు. మీరు చూసిన 70 యూరోల్లో ఊరి పన్ను కలిసి ఉండదు. మనిషికి రాత్రికి ఇంత అని హోటల్లోనే కట్టాలి, చాలాచోట్ల నగదే అడుగుతారు, రసీదు తీసుకోండి. ఇటలీలో 2025 జనవరి నుంచి బస ఇచ్చే ప్రతి చోటుకీ జాతీయ గుర్తింపు కోడ్ ఉండాలి, ప్రకటనలో కూడా అది చూపించాలి. సి.ఐ.ఎన్. అంటారు. ఆ కోడ్ కనిపించని గది ఎంత చవకైనా వదిలెయ్యండి. రాగానే పాస్‌పోర్టులు అడిగి వివరాలు పోలీసులకు ఆన్‌లైన్లో పంపుతారు. అది చట్టం, కంగారుపడకండి. హోటల్లో దిగడంలో ఒక లాభం ఇదే. అబ్బాయి ఫ్లాటులో దిగితే మీ గురించి 48 గంటల్లో పోలీసులకు రాతపూర్వకంగా తెలపాల్సిన బాధ్యత ఆ ఇంటివాళ్ల మీద పడుతుంది.

తేదీల గురించి ఒక హెచ్చరిక. ఏటా ఇక్కడ పడవల ప్రదర్శన జరుగుతుంది, ఎక్కువగా సెప్టెంబరు రెండో సగంలోనే, సలోనె నౌతికో అంటారు. ఆ రోజుల్లో ఊళ్లో గదులు దొరకవు, దొరికినవాటి రేట్లు ఆకాశంలో ఉంటాయి. ఈ ఏడు తేదీలు చూసి, కుదిరితే మీ ఐదు రాత్రులూ వాటికి అటో ఇటో జరుపుకోండి. జరపలేకపోతే ఇప్పుడే బుక్ చేయండి, కానీ రద్దు చేసుకునే వీలున్న రేటుకే. కొన్ని యూరోలు ఎక్కువైనా వీసా చేతికొచ్చేదాకా అదే క్షేమం.

ఆ ఊళ్లో కొండ ఎక్కడానికి వీధిలోనే ప్రభుత్వ లిఫ్టులు, తాడుతో లాగే రైళ్లు ఉన్నాయి, బస్సులు నడిపే సంస్థే వాటినీ నడుపుతుంది. పియాజ్జా పోర్తెల్లో దగ్గర సొరంగంలోకి నడిచి లిఫ్టు ఎక్కితే కాస్తెల్లెత్తో డాబా మీద దింపుతుంది. పలకరాయి కప్పులూ, గోపురాలూ, వెనక ఓడరేవూ, దూరంగా 1543 నాటి లాంతెర్నా దీపస్తంభం, అన్నీ అక్కణ్ణుంచే కనిపిస్తాయి. మేడంగారు ఒక్క మెట్టు ఎక్కకుండా ఊరంతా చూడొచ్చు. సముద్రం ఒడ్డున కొండవాలు మీదున్న ఐదు చిన్న ఊళ్లు, చింక్వె తెర్రె అంటారు, అవి చూడాలనుంటే అక్కడ గది తీసుకోకండి, రేట్లు దారుణం, అన్నీ మెట్లే. జెనోవా నుంచి రైల్లో పొద్దున వెళ్లి సాయంత్రానికి రావొచ్చు. మోకాళ్లకు ఇంకా తేలిక నెర్వి: సముద్రం అంచున రెండు కిలోమీటర్ల చదునైన నడక దారి, కూర్చోవడానికి బల్లలు. లోకల్ రైలుకి కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు ప్లాట్‌ఫాం మీద మెషిన్లో ముద్ర వేయించాలి, లేకపోతే జరిమానా.

ఓడరేవు దగ్గర పియాజ్జా కారికామెంతోలో రంగులేసిన గోడలతో పలాజ్జో సాన్ జోర్జో ఉంటుంది, ఇప్పుడు పోర్టు అథారిటీ ఆఫీసు. 1298లో జెనోవా వాళ్లు మార్కో పోలోను బంధించి ఉంచింది అందులోనే అని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ చెరలోనే తోటి ఖైదీకి తన ప్రయాణాలన్నీ చెప్పి రాయించాడు. మన మోటుపల్లి రేవు, అక్కడి సన్నటి నూలు బట్టలు, వజ్రాలు, రాజ్యమేలుతున్న రాణి, అంటే మన రుద్రమదేవి, అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. ఆమెను గణపతిదేవుడి భార్య అనుకున్నాడు పాపం, నిజానికి కూతురు. గుంటూరు మాస్టారికి ఆ భవనం ముందు ఒక ఫోటో తప్పదు.

వానల గురించి కూడా వినండి. సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా ఇక్కడ ఒక్కోసారి గంటల్లో కుంభవృష్టి పడుతుంది. 2011లోనూ 2014లోనూ ఊళ్లో రెండో పెద్ద స్టేషన్ బ్రిన్యోలె వైపు వరద ముంచేసి ప్రాణాలు పోయాయి. అందుకే ప్రభుత్వం పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరిక ఇస్తుంది. ఎరుపు అంటే ఊరు మూతపడుతుంది, ఆ రోజు గదిలోనే ఉండండి, ఏ ప్రోగ్రామూ పెట్టుకోకండి.

ఇక ఆ మెయిల్. ఇంగ్లీషులో రాసినా జవాబిస్తారు, అబ్బాయి చేత ఇటాలియన్‌లో రాయిస్తే ఇంకా త్వరగా ఇస్తారు. ఇలా రాయించండి: 'వీధి తలుపు బాల్బి వైపా, ప్రే వైపా? లిఫ్టు వీధి మట్టం నుంచే ఉందా, మధ్యలో మెట్లెన్ని? మాకు లోపలి ఆవరణ వైపు గది, షవర్ గడప తక్కువగా ఉన్నది కావాలి. ఏసీ ఉందా? మా రైలు ఫలానా టైముకి వస్తుంది, అప్పటికి రిసెప్షన్‌లో మనిషి ఉంటారా?' చివరిది మర్చిపోవద్దు. చిన్న హోటళ్లలో రాత్రి మనిషి ఉండరు, తాళం ఏర్పాటు ముందే మాట్లాడుకోవాలి.

తలుపు బాల్బి వైపు ఉండి, లిఫ్టు సంగతి సరిగ్గా చెప్పి, లోపలి గది ఇస్తామంటే 70 యూరోలకు కళ్లకద్దుకుని తీసుకోండి. ప్రే వైపైతే వద్దు. జవాబే రాకపోతే ఆ హోటల్ వదిలేసి బ్రిన్యోలె దగ్గర వియా గ్రోపాల్లో వైపు వెతకండి. వెడల్పాటి వీధి, టాక్సీ గుమ్మం దాకా వస్తుంది, పక్కనే పెద్ద కూరగాయల మార్కెట్, అబ్బాయి దగ్గరికి మెట్రోలో కొన్ని నిమిషాలే. పాత ఊరి అందం కిటికీలోంచి కనిపించదు, రేటు ఒక పదో పదిహేనో ఎక్కువ ఉండొచ్చు. అక్కడ తీసుకుంటే మాత్రం వరద గుర్తుపెట్టుకుని పై అంతస్తు గదే అడగండి.